ఆపకూడని మిషను

“సార్, దీన్ని ఫార్మాట్ చేయాలా అని అడగతా ఉండాది. ఔనని కొట్టేదా?”

ఈ మాట చెవిన పడేసరికి మేమింకా వరండాలోనే ఉన్నాం. నా కూతురు శ్రీవేద చేతిలో సంచీ నా మీదికి విసిరేసి, చెప్పులతోనే ఆ గదిలోకి దూకింది.

“కొట్టొద్దు! మౌస్ మీంచి చెయ్యి తియ్యి! తియ్యన్నానా!”

అంత గొంతు దానికుందని ఇరవై తొమ్మిదేళ్లుగా నాకు తెలియదు. సంచీలో స్టీలు డబ్బా జారి నా కాలి మీద పడింది. లోపల ఎవరో చచ్చిపోయారనే అనుకున్నాను. కుంటుకుంటూ వెళ్లి చూస్తే, బల్ల మీద ఒక ల్యాప్‌టాప్, దానికి వైరుతో తగిలించిన అరచేతంత ఇనుప పెట్టె, పక్కన కంప్యూటర్ షాపు మనిషి. రెండు చేతులూ గాల్లోకెత్తి నిలబడ్డాడు పాపం, ఎవరో తుపాకీ గురిపెట్టినట్టు.

కుర్చీలో భానుచందర్ కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. సీఐగా రిటైరై, తిరుపతిలోనే డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. శ్రీవేదదీ అదే వృత్తి; అది ఏ కేసు తీసుకున్నా అవతలి పక్క ఈయనే ఉంటాడు.

“ఏం పాపా, అమ్మను గూడా తోడు తెచ్చుకున్న్యావా?”

“ఆమే వచ్చింది సార్. నేనొంటరిగా పోతే లిఫ్టు తెగి పడుతుందని ఆమె భయం.” శ్రీవేద ల్యాప్‌టాప్ వైరు లాగేసింది. “ఇది యూనిక్స్ డిస్కు. విండోస్‌కు దీని రాత చదవడం రాదు. తనకు తెలియని డిస్కు కనబడితే ఖాళీది అనుకుని, ఫార్మాట్ చేయమంటావా అంటుంది. ఈయన ఔనని కొట్టుంటే నిజంగానే ఖాళీ అయ్యుండేది. తౌసిఫ్ తుడిచేసినాడని మీరు రిపోర్టులో రాసిన పని మీ చేతులతోనే జరిగుండేది.”

షాపు మనిషి నుదురు తుడుచుకున్నాడు. “నేను మొదట్నే అడిగితిని గద సార్, అది ముట్టుకునేదా అని.” తన ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, మళ్లీ వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

అప్పుడు టైము రెండూ ఇరవై. నాలుగున్నరకు పోలీసులు వస్తారని, వచ్చి తౌసిఫ్‌ను తీసుకుపోతారని మాకు ముందే చెప్పారు. అంటే మా చేతిలో ఉన్నది రెండు గంటల పది నిమిషాలు.

కేసు ఇది. రేణిగుంట రోడ్డులోని ఆ క్యాన్సర్ ఆస్పత్రిలో, రోగులకు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టే గదికి ఎదురుగా ఒక చిన్న గది ఉంది. అందులో పాత యూనిక్స్ కంప్యూటర్ ఒకటి. ఏ రోగికి ఎన్ని రోజులు, ఎంత కరెంటు పెట్టారో పదిహేనేళ్ల లెక్కలన్నీ దాంట్లోనే ఉన్నాయి. కిందటి జూన్‌లో కొత్త మిషను వచ్చింది కానీ పాత లెక్కలు పాతదాంట్లోనే ఉండిపోయాయి. రెండేళ్ల కిందట చనిపోయిన ఒక రోగి తాలూకు మనుషులు కేసు వేశారు. ఆ రోగి రికార్డు శుక్రవారం కోర్టుకు ఇవ్వాలి. సరిగ్గా ఆయుధపూజ మరునాడు ఆ పాత మిషను లేవలేదు. సిస్టమ్స్ చూసుకునే తౌసిఫే ఎవరి మాటో విని తుడిచేశాడని ఆస్పత్రి వాళ్లు ఫిర్యాదు రాసి, భానుచందర్‌ను పెట్టుకున్నారు. మా దగ్గరికి వచ్చింది అతని తల్లి రంజాన్‌బీ.

తౌసిఫ్ ఆ గదిలోనే మూల స్టూలు మీద ఉన్నాడు. ఇరవై ఆరేళ్లు ఉంటాయి. పొద్దున్నుంచి నీళ్లు కూడా తాగినట్టు లేదు, పెదాలు అట్టకట్టాయి. నేను సీసా ఇస్తే భానుచందర్ వైపు చూసి, ఆయన తలూపాకే తాగాడు.

శ్రీవేద అతని ఎదురుగా కూర్చుంది. “పూజ రోజు సాయంత్రం ఆరున్నరకు నీ కార్డుతో ఈ తలుపు తెరుచుకుంది. ఎందుకొచ్చినావు?”

“ఊరికే అక్కా. సూసి పోదామని.”

“పూజయినాక తెల్లారేదాకా ఎవరూ మిషన్లు ముట్టరు. ఆస్పత్రికి సెలవు. మీ ఇల్లు చూస్తే చిత్తూరులో ఉంది. డెబ్భై కిలోమీటర్లు ఊరికే వచ్చినావా?”

అతను సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

“నీకు నేనొక్కదాన్నే ఉన్నా తౌసిఫ్. నాకు అబద్ధం చెప్తే ఆయనకు పని తగ్గించినట్టు.”

“భయమేసిందక్కా,” అన్నాడు ఉన్నట్టుండి. “పూజ అని చెప్పి ఎవురన్నా దాన్ని ఆపేసుంటారేమోనని. వచ్చేసరికి ఆగిపోయుండాది. నేనే ఆన్ చేసినా. ఆన్ చేస్తే దానికి తన పేరే గుర్తు లేదు.”

భానుచందర్ నవ్వాడు. “మిషనుకు పేరు గుర్తులేదంట. నాకు సర్వీసులో ఇట్లా కథలు చెప్పినోళ్లు ఎంతమందో.”

“కథ కాదు సార్! లోపల ఒక చిప్పు ఉంటాది. దాంట్లోనే బుడ్డి బ్యాటరీ. మిషను పేరేంది, తేదీ ఏంది, ఏ డిస్కు నుంచి లేవాల, అన్నీ ఆ చిప్పులోనే. ఆ బ్యాటరీ సచ్చిపోయి నాలుగేండ్లు. కరెంటు ఉన్నంతసేపు అన్నీ గుర్తుంటాయి. ఒక్క నిమిషం తీసేస్తే అంతా మర్చిపోతాది. అందుకే ‘ఆపకూడదు’ అని కాగితం అంటించినా. రిజిస్టర్లో రాసి సంతకాలు గూడా పెట్టించినా.”

“మరి తెల్లారి ఎందుకు చెప్పలేదు?” అంది శ్రీవేద.

“చెప్తే నేనే ఆపినానంటారు. ఉద్యోగం పోతాది. నేనీడ ఉద్యోగంలో ఉంటేనే మా అమ్మీకి ఈడ వైద్యం అక్కా.”

శ్రీవేద నా వైపు చూడలేదు. నేనూ దాని వైపు చూడలేదు.

రంజాన్‌బీని ఆ గదిలోకి రానివ్వలేదు. కరెంటు గది ముందున్న బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఎదుటి తలుపు మీద చిన్న ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. లోపల మనిషికి కరెంటు పెడుతున్నప్పుడు అది వెలుగుతుందట. నేను డబ్బాలో పులిహోర తెచ్చానని మూత తీశాను.

“వద్దక్కా, మింగలేను. నోరంతా పుండే. మజ్జిగ తప్ప దిగదు.” మెడ మీంచి కొంగు కాస్త తప్పించింది. దవడ కింద చర్మం నల్లగా, పెనం అడుగులా మాడి ఉంది. “గొంతులో గడ్డ. పంతొమ్మిది రోజులు అయిపోయినాయి. ఇంక ఆరే. మొకానికి జల్లెడ మాదిరి ముసుగు బిగిస్తారు. మిషను మూతికి లావు ఇనుపచెక్క ఒకటి అడ్డం పెడతారు. నాకు మాత్రమే అంట ఆ చెక్క, తక్కినోళ్లకు లేదు. కాలడం మామూలే అంటారు.”

“మామూలేలే అమ్మా,” అన్నాను. నాకేం తెలుసని అన్నాను?

“నా బిడ్డ ఏమంటా ఉండాడు? కొట్టినారా?”

“లేదమ్మా. ఎవరూ చెయ్యి వేయలేదు. నేను చూశాను కదా.”

ఆ మాటకు ఆమె నా చెయ్యి పట్టుకుంది. జ్వరం వచ్చినట్టు వేడిగా ఉంది ఆ చెయ్యి.

నేను తిరిగి వచ్చేసరికి శ్రీవేద మిషను ముందు మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేస్తోంది. బూడిద రంగు ఇనుప పెట్టె. వెనక ప్లగ్గు దగ్గర ‘ఆపకూడదు’ అన్న కాగితం సగానికి చిరిగి వేలాడుతోంది. ముందు భాగంలో గంధం, కుంకుమ. ఎక్కడ షాక్ కొడుతుందోనని నేను శ్రీవేద కొంగు పట్టుకుని కూర్చున్నాను. అట్లా కూర్చోవడం వల్లే అది నా కంట పడింది.

“శ్రీవేదా, ఈ బొట్టు చూడు.”

“చూశానమ్మా. పూజలో పెట్టారు.”

“అది కాదే. దీని పక్కనే పాతేళ్ల బొట్ల మరకలున్నాయి చూడు. అన్నీ బీటలు వారి రాలిపోయినాయి, అంచులు మాత్రం మిగిలాయి. వేడి గిన్నెకు గంధం పెడితే అట్లాగే పెళుసెక్కి రాలుతుంది. ఈ ఏటిది మాత్రం నున్నగా అతుక్కునుంది. ఇది చల్లగా ఉన్నప్పుడు పెట్టిన బొట్టు.”

శ్రీవేద టార్చి నా మొహం మీదికి తిప్పింది. “అమ్మా!” అంది.

బొట్లు పెట్టింది ఎవరని అడిగితే, ఊడ్చే జ్ఞానాంబను పిలిపించారు. చీపురు తలుపు దగ్గరే పెట్టి వచ్చింది. అడుగుతారేమోనని ముందే తన పేరూ ఊరూ చెప్పేసింది.

“అవ్వా, దీనికి బొట్టు పెట్టినప్పుడు ఇది నడుస్తా ఉండిందా?”

“యాడమ్మా! ప్రతి ఏడూ ఈ తౌసిఫ్ నాయన ‘అవ్వా, దాన్ని పండబెట్టొద్దు, ఉన్న పళంగానే పెట్టు’ అంటాడు. అది గుయ్యిమంటా ఉంటాది, చెయ్యి పెడితే చురుక్కుమంటాది. ఈ ఏడు పెడితే సల్లగుండాది. పోన్లే, దీనికీ ఒకరోజు సెలవిచ్చినారులే అనుకున్న్యా.”

“ఎన్ని గంటలప్పుడు?”

“గంటలు నాకేం తెలుసు? చక్కెరపొంగలి ఇంకా రాలే. అది పన్నెండుకు వచ్చింది.”

శ్రీవేద లేచి నిలబడింది. “సార్, మీ రిపోర్టులో తౌసిఫ్ సాయంత్రం ఆరున్నరకు వచ్చి తుడిచేసినాడని ఉంది. ఇది పన్నెండుకు ముందే ఆగిపోయింది.”

“గంధం బొట్టు, ఊడిచే ఆయమ్మ.” భానుచందర్ ఫైలుతో బల్ల మీద కొట్టాడు. “ఇదేనా పాపా నీ సాక్ష్యం? జడ్జి ముందర బొట్టు గీకి చూపిస్తావా? నేను ముప్పై ఏండ్లు స్టేషన్లో ఉన్నోణ్ణి. అమ్మా కూతుళ్లు పేరంటానికొచ్చినట్టు వచ్చి నాకు పాఠాలు చెప్పొద్దండి!”

“బొట్టు చెప్పింది నమ్మకపోతే పోనీండి. మిషన్నే అడుగుదాం.”

“సచ్చిందాన్నా?”

“చచ్చిందని మీకెవరు చెప్పినారు?”

“నేను చెప్పాను,” అన్నారు వెనక నుంచి ఎవరో.

హృషీకేశ్ గారు. ఎవరికి ఎంత కరెంటు పెట్టాలో లెక్క కట్టే ఫిజిసిస్టు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు, నాకు నమస్కారం కూడా పెట్టారు. చూడగానే మంచివాడనిపించింది. “డిస్కు పోయిందమ్మా. ఎందుకు శ్రమ? తౌసిఫ్ చిన్నవాడు, ఏదో తెలియక చేశాడు. పోలీసుల దాకా వద్దని నేనే మేనేజ్‌మెంటుకు చెప్తున్నాను.”

శ్రీవేద ఆయనకు జవాబు చెప్పకుండా స్క్రూడ్రైవర్ తీసింది. మూడూ పదికి డిస్కును తిరిగి మిషనులో పెట్టి మూత బిగించింది. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసింది. ఫ్యాను గుయ్యిమంది. నేను రెండడుగులు వెనక్కి వేసి శ్రీవేదను కూడా లాగాను. పేలుతుందేమోనని.

తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు వచ్చాయి. ఆ తరువాత ఒకటే వాక్యం, కింద మళ్లీ అదే, కింద మళ్లీ అదే.

“సూస్తివా?” అన్నాడు భానుచందర్. “డిస్కు లేదంటా ఉండాది.”

“లేదనడం లేదు సార్. డిస్కు ఉన్న సంగతే దానికి గుర్తులేదు. ‘నేనెవరు, నన్ను ఎవరైనా లేపండి’ అని నెట్‌వర్కులో అందరినీ అడుగుతోంది. ఎవరూ పలకడం లేదు.”

రెండు మీటలు కలిపి నొక్కింది. ఆ వాక్యాలు ఆగిపోయాయి. అడుగున రెండక్షరాలు మిగిలాయి. ‘సరే’ అన్నట్టు ఆ రెండక్షరాలు. చెప్పింది చేస్తానని కూర్చున్న పిల్లలా ఉంది. డిస్కు నుంచి లేవమని శ్రీవేద టైపు చేసింది.

ఒక్క క్షణం. ఎర్రర్ వచ్చింది. డిస్కు తెరవలేకపోతున్నాను అని.

తౌసిఫ్ రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. హృషీకేశ్ గారు నిట్టూర్చి, “చెప్పాను కదా,” అన్నారు. నా కళ్ల ముందు ఆ పిల్లవాడి చేతులకు బేడీలు కనిపించాయి. వాటి వెనక రంజాన్‌బీ కనిపించింది.

శ్రీవేద మాత్రం తెర వైపే చూస్తోంది. “ఉన్న డిస్కులన్నీ చూపించు” అని దాన్ని అడిగింది. ఒకటే పేరు వచ్చింది. అది చూసి నాలుక కరుచుకుంది. “డిస్కు రెండో అరలో పెట్టినానమ్మా. తీసినాయన ఏ అరలోంచి తీసినాడో ఎవరూ రాసిపెట్టలేదు. మొదటి అరలో వెతకమని నేను చెప్తే అది ఎట్లా దొరుకుతుంది?”

రెండో అర నుంచి లేవమంది.

డిస్కు కిర్రుమంది. తెర మీద ఒక్కో అక్షరమే తిరిగింది, తరువాత వరుసలు వరుసలుగా పరుగెత్తాయి. తేదీ మాత్రం 1970 అని చూపించింది. నేను పుట్టడానికి ఏడాది ముందు.

“లేచింది!” తౌసిఫ్ స్టూలు మీంచి లేచాడు. “అక్కా, లేచింది!”

“కూర్చో!” అని అరిచాడు భానుచందర్.

మధ్యలో ఆగిపోయింది. నన్ను సరిగ్గా పండబెట్టలేదు, కరెంటు పీకేశారు, డిస్కంతా సరిచూసుకోవాలి, పెద్ద పాస్‌వర్డ్ కొట్టు అని అడుగుతోందట. ఆ పాస్‌వర్డ్ తౌసిఫ్ ఒక్కడికే తెలుసు.

“వాడు కీబోర్డు ముట్టేదానికి లేదు,” అన్నాడు భానుచందర్. “ముట్టినాడంటే మిగిలిందీ తుడిచేస్తాడు.”

“నేను కొడతా. నాకు చెప్పమనండి.”

“నువ్వు వాడి మనిషివి. నీకు చెప్పేదానికీ లేదు.”

“అయితే మీరు కొట్టండి!”

“ఆయనకు చెప్పను,” అన్నాడు తౌసిఫ్. “తరవాత నేనే చేసినానంటాడు.”

మూడూ ముప్పై అయిదు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఆ తరువాత ముగ్గురూ నా మొహం చూశారు.

“ఈయమ్మకు కంప్యూటరు వచ్చునా?” అని అడిగాడు భానుచందర్.

“నాకు మిక్సీ తప్ప ఏమీ రాదయ్యా!” అన్నాను.

“అయితే ఈయమ్మే కొట్టాల.”

వద్దంటే వినలేదు. తౌసిఫ్ వంగి నా చెవిలో ఒక్కో అక్షరం చెబుతుంటే, చూపుడు వేలితో వెతికి వెతికి నొక్కాను. పదో తరగతి దాకా చదివిన ఇంగ్లీషు అక్షరాలన్నీ ఆ వేలి కొనకు వచ్చాయి. ఎన్ని నొక్కినా తెర మీద ఒక్కటీ పడలేదు. నా చేతుల్లోనే చెడిపోయింది, ఆ పిల్లవాణ్ణి నేనే జైలుకు పంపాను అని ఏడుపు తన్నుకొచ్చింది.

“ఏమీ పడటం లేదే!”

“పడదమ్మా. దాచిపెడుతుంది. పెద్ద మీట నొక్కు.”

నొక్కాను. డిస్కు గిర్రుమని తిరగడం మొదలుపెట్టింది. సరిచూసుకోవడానికి అరగంట పైగా పడుతుందంది శ్రీవేద. ఆ చప్పుడు వినలేక నేను వరండాలోకి వచ్చేశాను.

నాలుగు కావస్తోంది. “రంజాన్‌బీ!” అని నర్సు గ్రేసీ పిలిచింది. ఆమె లేచి, చెవుల కమ్మలు తీసి నా అరచేతిలో పెట్టింది. ఇనుమూ బంగారమూ లోపలికి పోకూడదట. రోజూ తౌసిఫ్ దగ్గర పెట్టి పోతుందట.

“పది నిమిషాలే అక్కా. వచ్చేస్తా. నా బిడ్డను సూసుకో.”

“పోయి రా అమ్మా,” అన్నాను. నేనే. లిఫ్టుకు భయపడతాను, ప్లగ్గుకు భయపడతాను, ఆ తలుపుకు మాత్రం భయపడలేదు. ముసుగు బిగించి, చెక్క పెట్టి, కొలతలు చూసుకునేసరికి కాస్త సేపు పడుతుందని గ్రేసీ తలుపు వేసుకుంది.

లోపలి నుంచి శ్రీవేద కేక వేసింది. పరుగెత్తాను.

“ఒక్క ఫైలు కూడా పోలేదమ్మా! కోర్టు అడిగిన రికార్డు కూడా ఉంది.” దాని వేలు తెర మీద ఆగింది. “సార్, ఇటు రండి. ఇది ఇరవై నిమిషాలకోసారి ‘నేను నడుస్తున్నాను’ అని ఒక గీత రాసుకుంటుంది. పూజ రోజు చివరి గీత ఉదయం పదీ నలభై మూడుకు. పదకొండూ మూడుకు పడాల్సిన గీత పడలేదు. అంటే ఆ ఇరవై నిమిషాల్లో ఎవరో ప్లగ్గు పీకినారు.”

“ఆ టైముకు నేను గేటు కాడ ఉండాను,” అన్నాడు తౌసిఫ్. “నాలుగు అంబులెన్సులకూ గుమ్మడికాయలు నాతోనే కొట్టిస్తారు ప్రతి ఏడూ. ఫోటో గూడా తీసినారు.”

ఆ ఫోటో భానుచందర్ ఫైలులోనే ఉంది. సిబ్బంది పేర్లు రాసుకోవడానికి తీసుకున్నాడట. అద్దాలు పెట్టుకుని చూశాడు. ఫోటో మీద టైము పదీ యాభై ఒకటి. మధ్యలో తౌసిఫ్, రెండు చేతులతో గుమ్మడికాయ తల పైకెత్తి, నవ్వుతూ. చుట్టూ సిబ్బంది. భానుచందర్ పెదాలు కదిలాయి, ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నాడు. ఒకరు తక్కువ. అదే ఫైలులో తలుపు కార్డుల పట్టీ ఉంది. ఇన్ని రోజులుగా దాంట్లో సాయంత్రం పేజీ ఒక్కటే చూశాడు. ఇప్పుడు ఉదయం పేజీ తిప్పాడు. తిప్పినవాడు తల ఎత్తలేదు.

“చదవండి సార్,” అంది శ్రీవేద మెల్లగా.

“పదీ నలభై ఏడు,” అని ఆగాడు. “హృషీకేశ్.”

తౌసిఫ్ పెట్టించిన రిజిస్టరు శ్రీవేద ఆయన ముందు తెరిచి పెట్టింది. ‘బ్యాటరీ లేదు, ఆపితే అన్నీ మరచిపోతుంది’ అన్న వాక్యం కింద రెండో సంతకం హృషీకేశ్‌దే.

ఆయన మొహంలో ఇంకా ఆ మెత్తదనం పోలేదు. “దుమ్ము తుడవడానికి వచ్చాను. వైరు తగిలి ఊడి ఉండవచ్చు. దానికి ఇంత గొడవా?”

“తగిలి ఊడితే కాగితం చిరగదు సార్. పొరపాటున తగిలినవాడు మర్నాడు తౌసిఫ్ పేరు చెప్పడు. శుక్రవారం లోపల ఇది చావాలని మీకెందుకు?” అంటూనే శ్రీవేద మీటలు నొక్కుతోంది. “లెక్కలు ఉన్న చోటే ఒక ఉత్తరం ఉంది. ‘ముందు ఇది చదవండి’ అని పేరు పెట్టి. జోయల్ ఎవరు?”

“ఈయనకు ముందున్న సారు,” అన్నాడు తౌసిఫ్. “మూడేండ్ల కిందట రిటైరైపోయినారు.”

అది ఇంగ్లీషులో ఉంది. శ్రీవేద తెలుగులో చెబుతూ చదివింది. మొదట గట్టిగానే చదివింది. పోను పోను గొంతు తగ్గిపోయింది.

“హృషీకేశ్‌కు. మందపు ఇనుపచెక్క తాలూకు అంకె మన లెక్కల పట్టికలో తప్పుగా ఉంది. చెక్క ఆపేసే కరెంటును మిషను ఒకసారి కలుపుకుంటోంది, మన పట్టిక మళ్లీ కలుపుతోంది. ఆ చెక్క పెట్టిన రోగులకు డాక్టరు రాసిన దాని కన్నా మూడో వంతు ఎక్కువ పడుతోంది. వెంటనే సరిచేయండి. జోయల్.” కింద ఇంకో వాక్యం. “చూశాను, సరిచేస్తాను. హృషీకేశ్.”

“సరిచేశాను!” అన్నారు హృషీకేశ్. మొదటిసారి ఆయన గొంతు పెరిగింది.

“ఉత్తరం 2022లోది. పట్టికను చివరిసారి మార్చింది 2019లో. ఆ తరువాత దీన్ని ఎవరూ ముట్టుకోలేదు.” శ్రీవేద కుర్చీ తిప్పింది. “కోర్టు వాళ్ల రోగికి ఏ చెక్క పెట్టినారు?”

ఆయన చొక్కా చెయ్యి మడత సర్దుకున్నారు.

“కొత్త మిషనులో పట్టిక ఎక్కడిది?”

ఆయన గోడ వైపు చూస్తూ అన్నారు. “నెమ్మదిగా మార్చేవాణ్ణి. ఈ కేసు గొడవ అయిపోగానే మార్చేవాణ్ణి. ఇప్పుడు మారిస్తే ఎందుకు మార్చావని అడుగుతారు. ఆ చెక్క పడేది ఏడాదికి నలుగురైదుగురికే...”

“పట్టిక ఎక్కడిది సార్!”

“నేనే,” అన్నాడు తౌసిఫ్.

మేమంతా అతని వైపు తిరిగాం. అతని కళ్లు తెర మీద అంకెల మీద ఉన్నాయి.

“దీంట్లోంచి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని కొత్తదాంట్లో పెట్టింది నేనే. జూన్‌లో. సారు కాపీ చెయ్యమంటే చేసినా. ఒక్క అంకె గూడా తప్పు పోకూడదని మూడుసార్లు సరిచూసినా అక్కా.”

లావు ఇనుపచెక్క. నాకు మాత్రమే అంట, తక్కినోళ్లకు లేదు. పెనం అడుగులా మాడిన ఆ చర్మం.

గుప్పిట తెరిచి కమ్మలు చూపించాను. తౌసిఫ్ వాటిని చూశాడు, గోడ గడియారం చూశాడు. నాలుగూ పదకొండు.

అతను పెట్టిన కేక నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

వరండాలోకి పడ్డాం. తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. అప్పటికే బయటికొచ్చి కూర్చున్న గ్రేసీ లేచి అడ్డం రాబోయింది, శ్రీవేద ఆమెను తోసేసి గోడకున్న, కరెంటు ఆపే ఎర్రటి మీటను రెండు అరచేతులతో గుద్దింది. దీపం ఆరిపోయింది. మా వెనక గదిలో భానుచందర్ హృషీకేశ్ చొక్కా పట్టుకుని గోడకు అదిమాడు. “కదిలితే సంపేస్తా,” అంటున్నాడు.

ఆ లావుపాటి తలుపు తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో. లోపల ముసుగు విప్పుతున్న చప్పుడు వినిపించింది. రంజాన్‌బీ కొంగు సర్దుకుంటూ బయటికి వచ్చింది. బుగ్గల మీద జల్లెడ అచ్చులు ఎర్రగా పడి ఉన్నాయి. ఎదురుగా కొడుకు నిలబడి ఉన్నాడు. పక్కన పోలీసులు లేరు. ఆమె మొహం వెలిగిపోయింది.

“వదిలేసినారా నాయనా?”

తౌసిఫ్ తలూపాడు.

“అల్లా!” అని కళ్లు మూసుకుని తెరిచింది. చెయ్యి నా ముందు చాపింది, కమ్మల కోసం. “ఈపొద్దు బిరీన అయిపోయిందక్కా. ఇరవై అయిపోయినాయి. ఇంక అయిదే.”